ఒడిలాన్ ఉమ్మిన చోటు

ఫ్రాన్సులో వైన్‌కు పేరుపడ్డ మెదొక్ సీమ చరిత్రలో రాజులు మారారు, విప్లవం వచ్చిపోయింది, పురుగు పడి ద్రాక్షతోటలన్నీ మట్టికొట్టుకుపోయాయి. వాటి సరసన చేర్చవలసిన మరో ఘట్టం ఒడిలాన్ లబెర్నీ ఉమ్మి.

తూర్‌నివాల్ కోటలో ఎర్ర వైన్ తీసే మా అందరికీ ఒడిలాన్ పెద్ద మేస్త్రి. రుచి చూసి బకెట్టులో ఉమ్మితే ఆ వైన్ పీపాలకెక్కుతుంది. నేలమీద ఉమ్మితే లేదు. దానిమీద అప్పీలు ఉండేది కాదు. యజమానురాలు మదాం సిబిల్ ఆ నేలకు తెల్లరాయి పరిపించి, "ఇకమీదట ఏదైనా బకెట్టులోనే, ఒడిలాన్ గారూ" అంది.

ఆ ఏడు కోతల విందు తొట్ల గదిలోనే జరిగింది. తొట్లలో పులిసే ద్రాక్షరసంలో తొక్కలు పైకి తేలి గడ్డకడతాయి. పొద్దునా సాయంత్రం కింది రసం పంపుతో తోడి వాటిమీద పోయకపోతే ఎండి పాడవుతాయి. పంపు మోతలో అకార్డియన్ పాట వినబడటం లేదని, నాలుగో తొట్టి వంతు రాకముందే మదాం పంపు ఆపించింది. మళ్లీ వేయడం, తాగి దొర్లుతున్న మేమంతా మరిచిపోయాం. విందు మత్తు దిగాక నాలుగో తొట్టి మూత తీస్తే పైన చాపలా పరుచుకున్న పండు ఈగలు, లోపల గోళ్లరంగు చెరిపే మందు కంపు.

తొట్లన్నిటిలోని వైన్ ఒక్కటిగా కలిపే రోజు వచ్చింది.

"నాకూ ముక్కుంది. అయినా నాలుగోదాన్ని మిగతావాటిలో కలిపేస్తే ఎవడికి తెలుస్తుంది?" అంది మదాం.

"నాకు" అన్నాడు ఒడిలాన్.

"మీరు కొనరు కదా!"

"ఊరికే ఇచ్చినా మా అత్తగారికి పొయ్యను."

"ఆవిడ ఎప్పుడో పోయారుగా?"

"సమాధిమీద కూడా పొయ్యను."

ఉమ్మి ఎక్కడ పడుతుందా అని మేం గొట్టాలు పట్టుకుని నిలబడ్డాం. మదాం బకెట్టును ఆయన గడ్డం కిందే పట్టింది. ఒడిలాన్ ఆ తొట్టి వైన్ ఒక గుక్క నోట్లో తిప్పాడు. మొహం పిండేసిన నిమ్మచెక్కలా అయింది. బకెట్టును చేత్తో పక్కకు నెట్టి, తెల్లరాయి నడిబొడ్డున ఉమ్మాడు.

"మరీ వేషాలు!" అంటూ మదాం గ్లాసు లాక్కుని, మింగి చూపిద్దామని నోటి నిండా పోసుకుంది. మింగుడు పడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కన పెట్టేసిన బకెట్టు అందలేదు. ఆయన ఉమ్మిన పక్కనే ఆవిడా ఉమ్మింది.

"వెనిగర్ వాళ్లకు కబురు పెట్టండి, ఛీ!" అని నోరు తుడుచుకుంది.

మేం గొట్టాలు చుట్టేశాం. ఆ రెండు ఎర్రమరకలు రాజముద్రల్లా పక్కపక్కన మెరుస్తున్నాయి. తరాల తరబడి నిలవవలసినవి.

ఆ రోజు నేల తుడిచే వంతు ఒడిలాన్‌ది. తడిగుడ్డ తెచ్చి తుడిచేశాడు.