ఏడాది తిరగకముందే నవ్వుల షోకు: బోధన్ నుంచి నిజామాబాద్

ఇంత సంతోషం కలిగి చాలా నెలలైంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. నా చదువు ఏడో తరగతి దాకానే, తప్పులుంటే సర్దుకోండి. మా ఇంటామె రాజవ్వ మొన్న ఎండాకాలంలో పోయింది. ఆమె బతికున్నప్పుడు, మా బిడ్డ సుజాతతో ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుట్టేది. ఆ పనిలో చేతులకు తీరిక ఉండదు, చెవులకు మాత్రం పనుండదు. అందుకని తంబాకు డబ్బాకు ఫోను ఆనించి, మన జిల్లా మాటలోనే నవ్వించే ఒక కుర్రాడి వీడియోలు పెట్టుకునేవాళ్లు. రాజవ్వ అతనికి 'లొల్లి పిలగాడు' అని పేరు పెట్టింది. తల్లీబిడ్డల నవ్వు గల్లీ చివరిదాకా వినిపించేది. ఆమె పోయాక సుజాత ఆ వీడియోలు బంద్ చేసింది. నవ్వు సంగతి అటుంచండి, తల్లిని సాగనంపిన రోజు కూడా ఏడవలేదు. ఆ తర్వాత అవ్వ పేరే ఎత్తలేదు. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దంతా చుట్టడమే. ఒకరిని పోగొట్టుకున్న ఇంట్లో ఇంకొకరు కళ్లముందే రాయి అయిపోతుంటే ఎలా ఉంటుందో నాకే తెలుసు.

ఆ లొల్లి పిలగాడే నిజామాబాద్‌లో ఆదివారం సాయంత్రం షో చేస్తున్నాడని తెలిసింది. టికెట్టు మూడు వందలు. ఫోన్ల దుకాణం వాళ్లతో రెండు బుక్ చేయించి సుజాత ఫోనుకే పంపించమన్నాను. "నువ్వు పో బాపు, నేను రాను" అంది. "టికెట్ నీ ఫోన్లనే ఉన్నది. ఫోన్ తెరిచి సూపించుడు నాకొస్తదా?" అన్నాను. లేచి చెప్పులేసుకుంది. మా దగ్గర ఒక రివాజు ఉంది. చావైన ఇంటివాళ్లు ఏడాది తిరిగేదాకా ఏ సంబరానికీ పోరు. పక్కింటి పోశవ్వ వాకిట్లోనే పట్టుకుంది. "ఏడికి తండ్రీబిడ్డలు?" అంటే, అబద్ధం ఎందుకని ఉన్నది చెప్పాను. "ఏడాదన్న కాలే, నవ్వనీకె పోతుండ్రా? సిగ్గు గిట్ల ఉన్నదా నీకు?" అంది. సుజాత తల దించుకుంది. అయినా బిడ్డ చెయ్యి పట్టుకుని నడిచాను.

బోధన్ బస్టాండు నుంచి నిజామాబాద్‌కు బస్సులు బాగానే ఉన్నాయి, గంటలోపు ప్రయాణం. ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కండక్టరు కార్డు చూసి సున్నా టికెట్టు కొట్టి, "కాకా, నీకైతే పైసల్ దప్పవ్" అని నవ్వాడు. సుజాత నవ్వలేదు. బయట ముసురు. మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ వానలో నల్లగా నిలబడి ఉంది. ఒకప్పుడు ఈ రోడ్డు మీద చెరుకు బండ్లు బారులు తీరేవి, నేనూ తోలాను. ఇప్పుడు రెండు పక్కలా వరి, పొలాల నిండా నీళ్లు. దారి పొడుగునా బిడ్డ కిటికీలోంచి అదే చూస్తూ కూర్చుంది.

నిజామాబాద్‌లో దిగాక బస్టాండు బయట మిర్చి బజ్జీలు తిన్నాం. బండి ఆమె సుజాత ముఖం చూసి, "మస్తు కారం ఉన్నయా బిడ్డా?" అని అడిగి, అడక్కుండానే ఇంకో రెండు ఉల్లిగడ్డ ముక్కలు వేసింది. అక్కడి నుంచి వినాయక్‌నగర్ దిక్కున్న ఫంక్షన్ హాలుకు ఆటో అతను ఎనభై అడిగి అరవైకి వచ్చాడు. "కామెడీ షోకా కాకా? ఈ వయసుల నీకెందుకే?" అన్నాడు ఆటో అతను. "నవ్వుడు మర్సిపోయిన, నేర్సుకుందామని" అన్నాను.

హాలు నిండిపోయింది. మాకు నడిమి వరుసలో సీట్లు దొరికాయి. అతను స్టేజీ ఎక్కి మొదలుపెట్టగానే జనం పడి పడి నవ్వారు. సుజాత గోడకు వేసిన బొమ్మలా ఉంది. అంతలో అతను వాళ్ల అమ్మ మాట ఎత్తాడు. "మా అవ్వకు పానం బాగలేదంటే దవాఖానకు రాదు అన్నా! 'ఆగురా, గీ బీడీల కట్ట అయినంక వస్త' అంటది. కట్ట అయితది. దారం తెంపుతది, ఇంకో కట్ట వట్టుకుంటది. యముడొచ్చి వాకిట్ల నిలవడ్డా, 'నువ్వు జర కూసో, గీ కట్ట అయినంక వస్త' అంటది!" హాలు దద్దరిల్లింది. ఇంటింటా ఇలాంటి తల్లే కదా. నేనూ గట్టిగా నవ్వాను. నవ్వుతూ పక్కకు తిరిగితే సుజాత రెండు చేతులతో ముఖం మూసుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"బాపు, అవ్వ గూడ గిట్లనే అన్నది" అంది. "ఛాతీల నొస్తున్నది అన్నది. పోదాం పా అంటే, కట్ట అయినంక అన్నది. నేను సరే అని నా కట్ట నేను సుట్టుకుంట కూసున్న."

ఆ మాట నాకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ దాన్ని గుండెలో పెట్టుకుని చుడుతోందన్నమాట. అవతలి సీటామె కళ్లు తుడుచుకుంటూ, "నాకు గూడ నవ్వి నవ్వి నీళ్లొస్తున్నయ్ అక్కా" అంది. హాలంతా కళ్లు తుడుచుకునేవాళ్లే, మా బిడ్డను వింతగా చూసినవాళ్లు ఎవరూ లేరు. షో అయ్యేదాకా ఏడ్చింది. నేను వద్దనలేదు. నా సంతోషం ఏమని చెప్పను! బండరాయి కరిగి నీళ్లు కారినట్టయింది.

తిరుగు బస్సులో అడిగింది, "నేను దవాఖానకు గుంజుకపోతే బతికేదా బాపు?" అని. "తెల్వదు బిడ్డా" అన్నాను. "మీ అవ్వ నీ మాటనే గాదు, నా మాట గూడ ఎన్నడు వినలే." ఎడపల్లి వచ్చేదాకా అవ్వ మొండితనం గురించే మాట్లాడింది. చివరకు పెదవి చివర కొంచెం నవ్వు కూడా కనిపించింది.

పోశవ్వ ఇంకా మాతో మాట్లాడటం లేదు. రివాజు మంచిదే, నేను కాదనను. కానీ దుఃఖం మనం గీసిన గడువు ప్రకారం బయటికి రాదని ఆ సాయంత్రం నాకు అర్థమైంది. రాజవ్వ లేని ఇల్లు ఇప్పటికీ చీకటిగానే ఉంది, అయినా అందులో ఆమె పేరు మళ్లీ వినిపిస్తోంది. మీరూ మీ ఇంటివాళ్లను ఇలాంటి షోకు తీసుకుపోయేటట్టయితే ఒక్క మాట గుర్తుంచుకోండి: మనిషికొక రుమాలు పెట్టుకోండి. నేను ఒక్కటే తీసుకుపోయాను, అది బిడ్డకే సరిపోయింది.