తొంభై ఎనిమిది బస్తాల లెక్క

మా అక్క కూతురు మారేడ్‌పల్లిలో ఒక ప్రైవేటు బడిలో ఐదో తరగతికి లెక్కలు చెబుతుంది. పోయిన చలికాలం ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, చాయ్ ముట్టకుండానే మొదలుపెట్టింది.

"మామా, నువ్వే చెప్పు. తొంభై ఎనిమిది బస్తాలు. ఒక్కో బస్తాల ఇరవై అయిదు కిలోలు. మొత్తం ఎంత?"

"జెర కాయితం ఇయ్యి బిడ్డా."

"మా క్లాసుల ఒక పిల్లకు కాయితం సుత అక్కర్లే. వంద బస్తాలనుకున్నది, రెండువేల అయిదు వందలైనయి. ఎక్కువనుకున్న రెండు బస్తాల యాభై తీసేసింది. అయిపాయె! పరీక్ష పేపర్ల నేను ఫుల్ మార్కులేసిన. మా ప్రిన్సిపాల్ మేడమ్ సున్నా పెట్టమంటున్నది."

గైడులో ఉన్నట్టు నిలువుగా గుణించలేదట. అదీ నేరం. మన బళ్ళలో జవాబు తప్పినా స్టెప్పులుంటే మార్కులు రాలతాయి. జవాబు సరిగ్గా ఉండి స్టెప్పులు లేకపోతే మాత్రం కాపీ కొట్టినట్టే లెక్క. స్టెప్పులన్నీ వేసిన తన కొడుక్కి తక్కువ మార్కులేమిటని వేరే పిల్లాడి తల్లి వచ్చి గొడవ చేసేసరికి మేడమ్ పరేషాన్ అయిందట.

ఆ వారమే అదే బడిలో సృజనాత్మకత మీద టీచర్లకు శిక్షణ పెట్టారు. చాలాకాలం పేపర్లో చదువుల వార్తలు రాసినవాణ్నని నన్నూ పిలిచారు. వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను.

మాట్లాడటానికొచ్చిన కాలేజీ ఆచార్యుడు మంచి వక్త. ఒకప్పుడు పరిశోధకులు పిల్లల సృజనను కొలిచేవారనీ, ఇప్పుడు టీచర్లు దాన్ని ఏమనుకుంటున్నారో కూడా అడుగుతున్నారనీ చెప్పాడు. ఎక్కువమంది దాన్ని కళల్లోనే చూస్తారట, లెక్కల్లో వెతికేవాళ్ళు తక్కువట. ఆపైన హాల్లో వాళ్ళనూ అడిగాడు. "డ్రాయింగ్", "రంగోలీ", "బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్" అన్నారు. "నేను చెప్పలా?" అని ఆయన నవ్వాడు. మేడమ్ కూడా నవ్వింది.

నాకు ఒళ్ళు మండింది. థర్మాకోల్ తాజ్‌మహల్‌ను వరండాలో నిలబెట్టి ఫొటోలు తీయించేది ఎవరు? లెక్కను కొత్తగా చేయనిచ్చిన టీచర్ను గదిలోకి పిలిచి నిలదీసేది ఎవరు? టీచరు ఏమనుకుంటోందని అడుగుతారు సరే, బడి ఆమెను ఏమనుకోనిస్తోందో కూడా అడగొద్దా?

మా అమ్మాయి, అదే మా అక్క కూతురు, లేచి ఆ పిల్ల చేసిన లెక్క చెప్పింది. "ఇదేనండీ నేననేది!" అని ఆచార్యుడు చప్పట్లు కొట్టాడు. అందరికంటే గట్టిగా మేడమే కొట్టింది.

టీ దగ్గర మేడమ్‌ను పట్టుకున్నాను. "అయితే ఆ మార్కులు ఉంచుతున్నట్టేగా?"

"అయ్యో, ఇది వర్క్‌షాపండీ. అది పరీక్ష. పేరెంట్స్‌కి నేనేం చెప్పుకోను?"

"ఇందాక చప్పట్లు ఎందుకు కొట్టారో అదే చెప్పండి."

"పేపరోళ్ళకేమండీ, రాసేసి వెళ్ళిపోతారు. రేపు గేటు దగ్గర తిట్లు తినేది నేను."

మా అమ్మాయి మార్కులు తగ్గించనంది. ఆమెను తప్పించి ఇంకొకరితో సున్నా వేయించారు. మర్నాడు ఆ పిల్ల పేపరు పట్టుకొచ్చి అడిగిందట: "టీచర్, నేను ఏడ తప్పు చేసిన?"

"ఏడా లేదమ్మా."

"మరి సున్నా ఎందుకేసిండ్రు?"



తర్వాతి పరీక్షలో అలాంటి లెక్కే వచ్చింది. ఈసారి ఆ పిల్ల నిలువుగా, చేతిలో ఉంచుకున్న అంకెలు పైన వేసి, గైడులో ఉన్నట్టే గుణించింది. పూర్తి మార్కులు వచ్చాయి. మేడమ్ ఆ పేపరు చూసి మా అమ్మాయిని పిలిచి, "చూశావా, పిల్ల దారిలో పడింది," అని సంతోషపడిందట.