తోడల్లుడు గారు బిగించిన బండి

మా తోడల్లుడు గారు పోయారు. పొద్దున్నే కాఫీ తాగి, షెడ్డు తలుపు తీయబోతూ గుమ్మంలోనే కూలబడిపోయారట. ఆసుపత్రికి చేర్చేలోపే అంతా అయిపోయింది. మా బావమరిది ఫోన్లో ఈ కబురు చెప్పేటప్పటికి నేను ఏలూరులో, నా షెడ్డులో, ఒక ఆటో కింద పడుకుని పనిచేస్తున్నాను. బయటికొచ్చి, చేతుల జిడ్డయినా కడుక్కోకుండా తాడేపల్లిగూడెం బస్సెక్కాను.

వెళ్ళేసరికి వాళ్ళ వీధి మొదట్నుంచీ పికప్ బళ్ళే. కైకలూరు చేపల బళ్ళు, పెదవేగి నుంచి పామాయిల్ గెలలు తోలే బళ్ళు, ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. డ్రైవర్లు తువ్వాళ్ళు భుజాన వేసుకుని నిలబడ్డారు. ఏడవబోతున్నవాణ్ణి, ఆ వరుస చూసి ఆగిపోయాను. నేను పోతే ఇందులో సగం బళ్ళయినా వస్తాయా అనిపించింది. ఆయన గురించి రాస్తూ ఈ మాట దాచుకుంటే మీకు ఆయనా తెలియరు, నేనూ తెలియను.

ఆయన మా ఆవిడ అక్కగారి భర్త. ఇద్దరిదీ ఒకటే పని. బళ్ళ కింద బరువు మోసే స్ప్రింగు కమాన్లు, స్టెబిలైజర్ రాడ్లు చూడటం. వెనక ఇరుసుకి అడ్డంగా ఉండే వంపు కడ్డీనే స్టెబిలైజర్ రాడ్ అంటారు. దాని రెండు చివరలనీ లింకులతో పైన ఛాసిస్‌కి, అంటే బండి చట్రానికి, తగిలిస్తారు. మలుపులో బండి ఒక పక్కకి ఒరిగిపోకుండా పట్టేది అదే. ఏలూరు డ్రైవర్లు నా షెడ్డు ముందు నుంచే, హారన్ కొట్టి నన్ను పలకరించి మరీ, గూడెం వెళ్ళి ఆయన చేత ఆ రాడ్డు బిగించుకునేవారు. ఆ హారన్ నాకు ఎంత మండేదో చెప్పలేను.

అత్తవారింట్లోనూ అంతే. కొరమీను పులుసు పెట్టిన రోజున తలకాయ పెద్దల్లుడి కంచంలోకే వెళ్ళేది. ఆయన దాన్ని నా కంచంలో వేసి, "నాకు ముళ్ళు పడవండీ, తమ్ముడుగారు తింటారు" అనేవారు. ముళ్ళు పడకపోవడం ఒట్టి మాట. ఆయన పెట్టిన తలకాయ తినడం కంటే పస్తుండటమే నయమనిపించేది. తినేవాణ్ణనుకోండి.

మనిషి మెత్తన. మాట ఇంకా మెత్తన. జాకీ మీద నుంచి బండిని దించేటప్పుడు దానితో కూడా "దిగండి, నెమ్మదిగా దిగండి" అనేవారు. పనయ్యాక రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుంటూ బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయేవారు. బాగుందని ఆయన అనరు. అవతలివాళ్ళే అనేవారు. నా షెడ్డులో ఆ మాట నేనే అనుకోవాల్సి వచ్చేది.

మా బావమరిది కైకలూరులో ఉంటాడు. పికప్ మీద నీళ్ళ తొట్టె కట్టి, అందులో చేపపిల్లల్ని చెరువులకి తోలుతాడు. ఆ మధ్య వెనక కమాన్లు మార్పించి బండిని బాగా కిందికి దించాడు. తొట్టె నింపడం తేలికవుతుందని చెప్పాడుగానీ, అసలు సంగతి కుర్రకారు సరదా. దించాక బండి మలుపుల్లో ఊగడం మొదలుపెట్టింది. తొట్టెలో నీళ్ళు ఒక పక్కకి కొట్టుకొచ్చి బండిని లాగేవి. నా దగ్గరికి తెచ్చాడు. పెద్ద బావగారి దగ్గరికి కాకుండా నా దగ్గరికే తెచ్చాడని పొంగిపోయాను. లావుపాటి రాడ్డు తెచ్చి, కొత్త పట్టీలు వెల్డింగు చేసి, బండిని జాకీ మీద పైకెత్తి, ఎక్కడా కదలకుండా బిగించాను.

తొట్టె నింపి ఇద్దరం కొల్లేరు గట్టు రోడ్డు మీద నడిపి చూడటానికి వెళ్ళాం. కుడి మలుపులో బండి రాయిలా నిలబడింది. ఎడమ మలుపులో మాత్రం తోక విసిరింది. వెనక చక్రం గట్టు అంచు దాకా జారి ఆగింది. కింద చేపల చెరువు. ఇద్దరం దిగి రోడ్డు మీద చతికిలబడ్డాం.

వాడు నెమ్మదిగా అన్నాడు: "చిన్న బావగారూ, మరోలా అనుకోకండి. గూడెం తీసుకెళ్దామండీ."

అప్పటి భయం అక్కడే పోయింది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

గూడెంలో ఆయన బండిని, షెడ్డులో మనిషి దిగి కింద నుంచి పనిచేసే గొయ్యి మీద నిలబెట్టించారు. నాది అద్దె షెడ్డు, గొయ్యి తవ్వుకునే వీలు లేదు. ఆయనకీ నాకూ తేడా ఆ గొయ్యి ఒక్కటేనని ఏళ్ళ తరబడి సర్దిచెప్పుకున్నాను. ఆయన తొట్టె నిండా నీళ్ళు పట్టించి, బావమరిదిని స్టీరింగు ముందు కూర్చోమని, నన్ను గొయ్యిలోకి రమ్మన్నారు. ఒక్క లింకు బోల్టు వదులు చేసేసరికి రాడ్డు చివర టప్పున పక్కకి ఎగిరింది. నాకు అర్థమైంది. ఆయన గొంతు తగ్గించి, పైనున్నవాడికి వినపడకుండా చెప్పారు.

"గాల్లో ఉన్నప్పుడు అన్ని బళ్ళూ బుద్ధిమంతులేనండీ తమ్ముడుగారూ. అది మోసే బరువుతో, నాలుగు చక్రాల మీదా నిలబెట్టి బిగించాలి. బండి కిందికి దిగింది కదా, లింకు పాత పొడుగే ఉంటే రాడ్డు ముందే ఒక పక్కకి మెలిపడి కూర్చుంటుంది. ఇక రెండో పక్క మలుపులో ఏం పట్టుకుంటుంది చెప్పండి?"

నేను వేసిన లావు రాడ్డు తీసి, బండిలోనే పడి ఉన్న పాతదే పెట్టారు. లింకులు రెండూ కురచ చేసి, ఒకటి తిప్పి, ఆగి, మళ్ళీ రెండోది తిప్పి, రెండు వైపులా బోల్టు వేలితో నెడితే దూరేదాకా సరిచేశారు. అప్పుడు బిగించారు. మరీ గట్టిగా కూడా కాదు. "గట్టితనం వేరు, నిలకడ వేరు" అన్నారు, తనలో తాను అనుకుంటున్నట్టు.

గొయ్యిలోంచి పైకి రాగానే బావమరిది అడిగాడు: "ఏమైందండీ పెద్ద బావగారూ?"

"ఏమీ లేదండీ. మీ చిన్న బావగారు ముప్పాతిక పని చేసే తెచ్చారు. మిగతాది ఇద్దరం చేశాం."

తిట్టినా బాగుండేదనిపించింది. గట్టు రోడ్డు మీద మళ్ళీ చూసేటప్పుడు నేను పట్టుబట్టి వెనక, తొట్టె పక్కన కూర్చున్నాను. కనీసం ఒక్క చుక్కయినా చింది నా చొక్కా మీద పడాలని కోరుకున్నాను. కుడి మలుపు పోయింది, ఎడమ మలుపు పోయింది. బండి కాస్త ఒరిగి, ఎవరో వెనక నుంచి చెయ్యేసి నిలబెట్టినట్టు మళ్ళీ సర్దుకుంది. చొక్కా పొడిగానే ఉంది. ఆ రోజు నుంచి నేనూ బరువు మీద నిలబెట్టే బిగిస్తున్నాను. నా షెడ్డు ముందు ఆగే బళ్ళు పెరిగాయి. అది ఆయన పెట్టిన భిక్షేనని నాకు తెలుసు. తెలుసు కాబట్టే కడుపుమంట చల్లారలేదు.

పెద్దకార్యం అయ్యాక ఆయన భార్య, మా వదినగారు, నన్ను పక్కకి పిలిచారు.

"మీరంటే ఆయనకి ఎంత కుళ్ళో మీకు తెలుసాండీ మరిదిగారూ?"

నేను తెల్లబోయాను.

"మా తమ్ముడి బండికి మీరు వేసిన వెల్డింగు చూసి వచ్చి, ఆ పూట అన్నం సరిగ్గా తినలేదండీ. చీమలబారులా పేర్చాడే, నాకా చెయ్యి రాలేదే అన్నారు. తర్వాత రోజూ ఇనప ముక్కలు ముందేసుకుని సాధన. మీతో అనొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు."

ఇంటికొచ్చే దారంతా అదే ఆలోచన. నేనేమో కుళ్ళి బళ్ళు లెక్కపెట్టుకున్నాను. ఆయనేమో కుళ్ళి పని నేర్చుకున్నారు. ఈ విషయంలోనూ నాకంటే పైచేయి ఆయనదే.

నెల దాటాక, సామాన్లు సర్దడానికి సాయం కావాలంటే మళ్ళీ గూడెం వెళ్ళాను. మేం షెడ్డులో ఉండగానే జంగారెడ్డిగూడెం నుంచి ఒకాయన కిందికి దించిన పికప్ వేసుకుని వచ్చాడు. ఆ వచ్చినాయనకి మా తోడల్లుడు గారు పోయిన కబురు తెలియదు.

వదినగారు చెప్పారు. ఆ వచ్చినాయన బండి తాళం మళ్ళీ చేతిలోకి తీసుకుని, "అయితే వెళ్ళొస్తానండీ" అన్నాడు.

"ఆగండి. వీరు మా మరిదిగారు. చేస్తారు."

ఆ బండాయన నన్ను పైనుంచి కిందిదాకా చూసిన చూపు మీకు చెప్పక్కర్లేదు. నేను గొయ్యిలోకి దిగాను. బండి ఎంత కిందికి ఉందంటే, గొయ్యి అంచుకీ బండికీ మధ్య జానెడు వెలుతురు మాత్రమే కనిపిస్తోంది. లింకు పట్టుకుని ఒక చుట్టు తిప్పాను. సరిపోయిందో లేదో కింద నుంచి తెలియడం లేదు.

"కుడి పక్క కొంచెం దిగిందండీ," అని పైనుంచి వదినగారి గొంతు వినిపించింది.

తల తిప్పి చూశాను. ఆ జానెడు వెలుతురులో, వెనక చక్రానికి కాస్త దూరంగా, ఆవిడ పాదాలు కనిపించాయి. ఏళ్ళుగా అలవాటైన చోట నిలబడ్డట్టు నిలబడి ఉన్నాయి. మా ఆవిడ నా షెడ్డు గుమ్మం దాటి ఎప్పుడూ లోపలికి రాలేదు. నేనూ ఎప్పుడూ రమ్మనలేదు.

మరో చుట్టు తిప్పాను.

"ఇంకొంచెం అండీ... ఇంకొంచెం... ఆఁ, చాలు."

బోల్టు వేలితో నెట్టాను. దూరిపోయింది. పాదాలు మాత్రం అక్కడే ఉన్నాయి, రెండో వైపు కూడా చూసి చెప్పడానికి.