జింక పేరుకు తిరిగిన పిల్ల

చిట్యాలలో బస్సు దిగుతుంటే మామ ఊరి మనిషి ఒకాయన ఎదురొచ్చి, మా మేనమామ పోయాడని చెప్పాడు. ముందురోజు పొద్దున గొర్రెలకు నీళ్లు పెట్టి, అరుగు మీద కూర్చుని, అట్లాగే ఒరిగిపోయాడట. నాకు ముందు గుర్తొచ్చింది ఆయన వీపు. కుక్కపిల్లలను చూడకుండా అటు తిరిగి నిలబడి, పేరు పెట్టి పిలిచేటప్పటి వీపు.

రామన్నపేట దాపున గుట్ట కింద ఆయనకు గొర్రెలు, కాస్త మెట్ట చెలక, వేటకుక్కలు ఉండేవి. కుక్కపిల్లల కోసం హాలియా నుంచి కూడా వచ్చేవాళ్లు. "ఏం కొడతవ్? చెవులపిల్లినా, కౌజులనా?" అని మొదట అడిగేవాడు. కుందేలుకైతే కంటితో చూసి ఉరికే పొడుగు కాళ్ల తండా కుక్క కావాలి. చెలకలో నక్కే కౌజుపిట్టకు వాసన పట్టి, కదలకుండా నిలబడే కుక్క కావాలి. హైదరాబాదు నుంచి సీమకుక్కను తెస్తానన్న ఒక ఆసామితో, "తెచ్చుకో పటేలా, ఎండకాలం దాన్ని నువ్వే ఎత్తుకొని తిరుగుతవ్" అన్నాడు.

నాకు ఆ రోజుల్లో కౌజుల పిచ్చి. కొత్తగా పెళ్లయినా ఆదివారం ఇంట్లో ఉండేవాణ్ని కాదు. నాకూ ఒక కుక్కపిల్ల కావాలని మామ దగ్గరికి పోతే, "పిల్లను సూసి మురువకు అల్లుడా. దాని తల్లిని సూడు. తల్లికి ఎవడు బువ్వ పెట్టిండో వాణ్ని సూడు" అనేవాడు. తల్లికుక్క తినే తీరు, కొత్తమనిషి వస్తే అది చూసే తీరు గమనించమని నన్ను రోజంతా అరుగు మీద కూర్చోబెట్టాడు. దేన్నైనా ఓపికగా చూడటం నాకు ఆయన పెట్టిన భిక్షే.

పిల్లలు పాలు మరిచే వయసుకు ఆయనొక పని చేసేవాడు. రొట్టెముక్కలు వేసి, అవి తింటుండగా దూరంగా పోయి, అటు తిరిగి "జింకా!" అని పిలిచేవాడు. ఏ పిల్లకూ ఆ పేరు లేదు. ఏదీ తల ఎత్తకపోతే అన్నిటినీ అడిగినవాళ్లకు ఇచ్చేసేవాడు. వాటి చెవులు పరీక్షిస్తున్నాడేమో అనుకున్నాను. ఆ ఏడు తల్లికుక్క ఈనిన ఈతలో ఒక ఎర్రపిల్ల మాత్రం రొట్టె వదిలేసి, వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

"మామా, నాకు గిదే కావాలె" అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. "గది గాదు అల్లుడా. అది మళ్లొచ్చింది" అన్నాడు.

అత్త నన్ను పక్కకు పిలిచి చెప్పింది. జింక వాళ్ల ఒక్కగానొక్క కొడుకు, అంటే మామకన్నా జానెడు పొడుగుండే మా బావ, పెంచిన కుక్క. కొన్నేళ్ల కింద ఇద్దరూ కౌజులకని గుట్టెక్కి తిరిగి రాలేదు; బావ సంగతి నాకు తెలుసు గానీ, కుక్క పేరు అప్పుడే విన్నాను. ఊరంతా వెతికినా చెప్పు కూడా దొరకలేదు. ఇంట్లో మిగిలింది జింక ఈనిన పిల్లలే. ఆ వంశంలో జింక మళ్లీ పుడుతుందని, పుట్టి కొడుకున్న జాగా చూపిస్తుందని మామ ప్రతి ఈతలోనూ పిలుస్తున్నాడు. "కొడుకు బొక్కలన్న దొరికితే ఇంత మట్టి ఏసుకుందుము" అని అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఎర్రపిల్ల ఎదిగాక, చలికాలం ఒక సాయంత్రం, మామ నన్ను తోడు రమ్మన్నాడు. తుపాకీ లేదు, వల లేదు. దారిలో కౌజులు బుర్రున లేచినా కుక్క తల తిప్పలేదు. నేరుగా రెండు రాతిగుండ్ల సందు దగ్గరికి పోయి, ముందుకాలు ఎత్తి, పిట్టను కనిపెట్టినట్టు నిలబడింది. నేను వంగి చూశాను. ఎండుగడ్డి తప్ప ఏమీ లేదు. గాలి కూడా లేదు. అయినా ఎవరో అప్పుడే లేచినట్టు, అణిగిన గడ్డి పరక తర్వాత పరక నిలబడుతోంది.

"మీ అమ్మ బువ్వొండింది. నడువు నాయినా, ఇంటికి పోదం" అన్నాడు మామ, సందులోకి చూస్తూ.

ఆ తర్వాత ఆయన ఏ ఈతలోనూ ఆ పేరు పిలవలేదు. ఎర్రపిల్ల చెల్లెల్ని నాకిచ్చాడు. అంత మంచి కుక్క నాకు మళ్లీ దొరకలేదు. నవ్వుతారని ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఎవరు నవ్వినా ఆయనకు వినపడదు.

ఆ సాయంత్రం గుట్ట దిగాక చెలక గట్టు ఇరుకు. మామ జారిపడేంత అంచున నడిచాడు, పక్కన ఇంకొకరికి జాగా వదిలి. వాళ్ల వెనక నేను. కుక్క ఆ ఖాళీ జాగాలో అడుగు పెట్టలేదు. గట్టు దిగి ముళ్లకంపల్లోంచి సమంగా నడుస్తూ, మామ పక్కన, ఆయన తలకన్నా జానెడు ఎత్తులో ఉన్న ఎవరి ముఖంలోకో చూస్తూ తోక ఊపుతోంది.