పొట్టు చెడకుండా

దెందులూరులో హైవే పక్క సందులో సత్యవేణి పిండిమర ముప్పై ఏళ్ళుగా ఆడుతోంది. మొదట్లో రాళ్ళ బిగువు తిప్పేది భర్త అబ్బాయిరాజు, చాలో చాలదో చెప్పేది సత్యవేణి. కింద రాలే పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి "ఇంకాస్త" అంటే ఆయన ఇంకాస్త బిగించేవాడు. ఆవిడ తీర్పు మీద ఊళ్ళో అప్పీలు లేదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. అప్పట్నుంచి బిగించేదీ ఆవిడే, నలిపి చూసేదీ ఆవిడే.

కాకపోతే ఏడాదిగా ఆ వేళ్ళకి ఏమీ తెలియడం లేదు. షుగరు వల్ల కొసలు మొద్దుబారిపోయాయి. పిండి పలుకు తగులుతోందని ఒక్కొక్కరే రావడం మానేస్తుంటే, "అందరూ ప్యాకెట్లకి మరిగారండీ" అని నేరం ప్యాకెట్ల మీదకి నెట్టేసింది. నిజం చెబితే మర మూసేయమంటారని భయం. మర మూస్తే ఆవిడ గుమ్మం తొక్కే మనిషే ఉండడు.

అలాంటి రోజుల్లో కళ్యాణ్ వచ్చాడు. ఏలూరులో బ్యాంకు ఉద్యోగం, ఇంట్లో తన మట్టుకు తాను బీరు చేసుకునే సరదా. సర్కారుకి చెప్పుకునే సరదా కాదనుకోండి, అందుకే ఏలూరులో మరలన్నీ వదిలి ఇంత దూరం. మొదటిసారి అతను మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ ఐదు కిలోలు తెస్తే, కొత్త మనిషి కదా అని సత్యవేణి ప్రేమగా రెండుసార్లు వేసి మెత్తగా ఆడించి ఇచ్చింది. అతను సంచీ విప్పి చూసుకుని ఏడవలేక నవ్వాడు.

"పిండి కాకూడదండీ. గింజ రెండు మూడు ముక్కలవ్వాలి, పొట్టు మాత్రం చెడకూడదు. వేడినీళ్ళలో నానబెట్టి తీపంతా దించుతాం కదండీ, అప్పుడు ఆ పొట్టే మాకు జల్లెడ. పిండైతే గడ్డకట్టి చుక్క దిగదు."

అయినా అతను నెలకోసారి వస్తూనే ఉన్నాడు. గుప్పెడు పోయడం, రాళ్ళు వదులు చేయడం, అతను నొక్కి చూడడం, మళ్ళీ గుప్పెడు. గంట పట్టేది. ఆ గంటసేపూ మండవల్లిలో మావయ్య చేపల చెరువు గురించో, బ్యాంకులో మేనేజరు గురించో కబుర్లు చెప్పేవాడు. నెలంతా ఆవిడ ఆ గంట కోసమే ఎదురుచూసేది.

మొన్న వచ్చినప్పుడు మధ్యలో ఫోను మోగింది. "మీరు చూసేయండి పిన్నిగారూ, నాకంటే అనుభవమున్న చెయ్యి కదండీ" అంటూ అతను బయటికి వెళ్ళాడు.

సత్యవేణి తెల్లకాగితం మీద గుప్పెడు పరిచింది. గింజ పగిలి జారిపోయిన ఖాళీ పొట్టూ, అసలు పగలని గింజా చూపుకి ఒక్కలాగే ఉన్నాయి. నొక్కితేగాని తేడా తెలియదు. నొక్కింది. ఏమీ తెలియలేదు. బాగుందని అనేయొచ్చు. కానీ మళ్ళీ పాడైతే ఇక ఈ గుమ్మం తొక్కడు. ఒక్కొక్కటే తీసి పంటికింద వేసి కొరకడం మొదలుపెట్టింది. గట్టిగా తగిలిన ప్రతిసారీ రాళ్ళు రవ్వంత బిగించి, మళ్ళీ గుప్పెడు పోసి, మళ్ళీ కొరికింది.

"అదేంటండీ, తినేస్తున్నారు?" గుమ్మంలోంచి కళ్యాణ్ నవ్వాడు.

రుచి చూస్తున్నానంటే సరిపోయేది. కానీ ఆవిడ సంగతి ఎవరైనా ఒక మాట అడిగి ఎన్నాళ్ళయిందో.

"వేళ్ళకి తెలియట్లేదు బాబూ. ఏడాదయింది. ఎవరికీ చెప్పలేదండీ."

చెప్పాక గుండె తేలికపడింది. ఏలూరులో మంచి డాక్టరున్నాడని, వెంటనే చూపించుకోమని అతను మందలించాడు. తర్వాత కాగితం మీంచి గింజల్లా కనిపిస్తున్నవి ఇరవై ఏరి నొక్కి చూశాడు. ఇరవయ్యీ ఖాళీ.

"భలే కుదిరిందండీ! ఇంత బాగా ఎప్పుడూ రాలేదు."

ఆవిడ ముఖం విప్పారింది. మిగతా బార్లీ అంతా ఆడించి సంచీలోకి ఎత్తింది. అతను సంచీ మూతి కడుతూ అన్నాడు: "మిమ్మల్ని ఇంత శ్రమ పెడుతున్నానని తెలియదండీ. చేత్తో తిప్పుకునే చిన్న మరలు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి, ఒకటి తెప్పించుకుంటాను. ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టనండీ."

మంచి కుర్రాడు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేది. శ్రమ కాదు, మీరు రండి అనే మాట గొంతుదాకా వచ్చింది. అడుక్కున్నట్టుంటుందని మింగేసింది.

"అదే సుఖం బాబూ. మీకూ ఇంత దూరం రావడం తప్పుతుంది."

అలా అంటే అతను కాదంటాడనుకుంది.

"నిజమేనండీ" అన్నాడు కళ్యాణ్, బండి స్టార్ట్ చేస్తూ.