పోలయ్య తాతకు మా సార్ ఇచ్చిన నంబర్

నిన్న పొద్దున డ్యూటీకి క్యారేజీ కట్టుకుంటుంటే ఫోన్ వచ్చింది.

"సిస్టర్, సుధాకర్ సార్ పోయారు."

"ఏ బెడ్?" అని అడిగాను.

ఛీ, నా నోరు పడిపోను. ఇరవై ఏళ్లుగా క్యాజువాలిటీలో నర్సుగా ఉండి ఉండి, "పోయారు" అనగానే నాకు బెడ్ నంబరే గుర్తొస్తుంది. అవతల వార్డ్ బాయ్ ఏడుస్తున్నాడు. అప్పటికి గానీ అర్థం కాలేదు, మా డాక్టర్ గారేనని. ఇంట్లోనే, గుండెపోటు. ఆస్పత్రి దాకా తెచ్చే టైమ్ కూడా ఇవ్వలేదు.

ఫోన్‌లోనే గబగబా రాస్తున్నాను. తప్పులుంటే ఏమనుకోకండి.

సార్ గురించి అందరూ రాస్తున్నారు. నేను ఒక్కటే చెప్తాను.

చాలా ఏళ్ల క్రితం, సముద్రం పక్కనున్న ఒక పాలెం నుంచి ఒకమ్మాయిని తెచ్చారు. రొయ్యల గుంట గట్టు మీద తాచుపాము కరిచింది. పొద్దున కరిస్తే మధ్యాహ్నం దాకా పోలయ్య అనే ఆయన దగ్గర మంత్రం వేయించుకుంటూ కూర్చున్నారట. మా దగ్గరికి వచ్చేసరికి ఊపిరి లేదు.

సార్ ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఆదివారం నన్ను కూడా వెంటబెట్టుకుని ఆ పాలెం వెళ్లారు. ఊరంతా గుమిగూడింది. పోలీస్ కేసు పెడతారేమోనని పోలయ్య తాత గడగడలాడిపోతున్నాడు. ఎక్కడ గొడవవుతుందోనని నాకూ భయమే. సార్ మాత్రం ఆయన పక్కనే కూర్చుని, టీ తాగి, నిదానంగా చెప్పారు.

"తాతా, మంత్రం ఆపబాక. కాకపోతే ఆటోలో కూర్చోని వెయ్యి. కదిలే ముందు నాకు ఫోన్ కొట్టు. నేనాడ సూదిమందు రెడీగా పెట్టుకోనుంటా."

అంతే. అప్పట్నుంచి ఆ పాలెంలో ఎవరిని పాము కరిచినా ముందు సార్ ఫోన్ మోగేది. తర్వాత ఆటో వచ్చేది. లోపల పేషెంటు, పక్కనే పోలయ్య తాత, ఆస్పత్రి గేటు దాటేదాకా ఆగని మంత్రం.

"ఆస్పత్రిలో ఇదేం చోద్యం సార్?" అని ఒకసారి నేనే విసుక్కున్నాను.

"ఆయన ఎక్కితేనే వాళ్లు ఎక్కుతారమ్మా. నాకు కావాల్సింది టైమ్" అన్నారు.

అలా వచ్చినవాళ్లలో ఎంతమంది నడుచుకుంటూ ఇంటికెళ్లారో!

నిన్న సాయంత్రం సార్ ఇంటి దగ్గర పోలయ్య తాత గేటు బయటే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి భోరుమన్నాడు.

"అమ్మా, ఆయనైతే ఫోన్ ఎత్తతాడని ధైర్యం. ఇప్పుడెవురికి చేసేది? కొత్త డాక్టరు నన్ను గెంటేస్తే మావోళ్లు ఒక్కరన్నా ఆటో ఎక్కరు. మళ్లా నా ఇంటి ముందరే కూర్చుంటారు. ఆ పిల్ల మాదిరే..."



"నాకు చెయ్యి తాతా" అనేశాను. ఆయన ఫోన్‌లో నా నంబర్ నేనే ఎక్కించాను.

అన్నానే గానీ, అప్పట్నుంచి ఒకటే దడ. నేను డాక్టర్ని కాదు. డ్యూటీలో ఉంటే ఫోన్ లాకర్లో ఉంటుంది. కొత్తగా వచ్చే డాక్టర్ గారు ఒప్పుకుంటారో లేదో. వానలు మొదలయ్యాయి, గట్లన్నీ పాములే. ఎత్తకపోతే ఎవరి ప్రాణం పోతుందో అని బాత్రూమ్‌కి కూడా ఫోన్ తీసుకునే వెళ్తున్నాను, నిజం.

ఈ రోజు పొద్దున మోగింది. పోలయ్య తాత. మొదటి రింగుకే ఎత్తాను.

"ఎవరికి తాతా? ఆటో కదిలిందా? విషమెక్కి కనురెప్పలు వాలిపోతున్నాయా?"

"ఎవురికీ ఏం కాలేదు లేమ్మా. ఎత్తతావో లేదోనని చేసినా."

అక్కడే కూలబడి ఏడ్చాను.

ఎత్తాను సార్.

మీరిక నిశ్చింతగా పడుకోండి.