కుట్టి ముట్టని పులుసు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు తన పెంపుడు పిల్లి ముందు వరసగా చిన్న చిన్న గిన్నెలు పెట్టి, మనం తినే ఒక్కో పదార్థాన్నీ అది వాసన చూసి ఏం చేస్తుందో ఫోనులో వీడియో తీస్తుంటే, ఇంట్లో అందరితో పాటు నేనూ కుర్చీ జరుపుకొని కూర్చున్నాను. ఇడ్లీ ముక్కను ముందుకాలితో ఒకసారి తాకి వదిలేసింది, పెరుగు మీసాలకు అంటించుకొని తుమ్మింది, నిమ్మచెక్క చూపించగానే చెవులు వాల్చి వెనక్కి గెంతింది. చివరికి కోడలు వండిన చేపముక్క పెట్టారు. దాన్ని వాసన చూసి, గిన్నె చుట్టూ గచ్చును కాలితో గీకి గీకి, లేని మన్నును ఎత్తి కప్పినట్టు చేసి, తోక నిలబెట్టుకొని వెళ్ళిపోయింది. అందరూ పడీపడీ నవ్వారు. నేను మాత్రం ఆ చేపలు ఇవాళ ఎవరూ తినొద్దని అనేశాను. పొద్దున హార్బరు నుంచి తెచ్చిన చేపలకు ఏమొచ్చిందని కోడలు ముఖం చిన్నబుచ్చుకుంది. పిల్లి అప్పటికే ప్యాకెట్టు తిండి కడుపునిండా తినుందని మనవరాలు చెప్పింది. నిజమే అయి ఉంటుంది. అయినా నాకు ముద్ద దిగలేదు. ఎందుకని వాళ్ళు అడిగారు గాని నేను చెప్పలేదు. నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. టైపు మిషను ముందు కూర్చుని వేళ్ళకు కార్బన్ మసి అంటించుకున్న నా ఈడువాళ్ళు కొందరైనా ఇది చదువుతారన్న ధైర్యంతో ఇప్పుడు రాస్తున్నాను.

మాది సారం పేటలో పాత పెంకుటిల్లు. మావాళ్ళు ఎన్ని తరాల కిందట పుదుచ్చేరికి వచ్చారో ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. ఇంట్లో సగం తెలుగు, సగం తమిళం కలిపి మాట్లాడుకునేవాళ్ళం, తెలుగు రాయడం మాత్రం నాన్న పట్టుబట్టి నేర్పిన నాకు ఒక్కదానికే వచ్చింది. నాన్నకు ఒక అక్క ఉండేది. నా మేనత్త. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. అమ్మకు ఆయాసం, ఏ పనీ ఎక్కువసేపు చేయలేకపోయేది, అందుకని నాకు తల దువ్వింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, బడికి చేయి పట్టుకొని తీసుకెళ్ళింది అంతా అత్తే. ఆమెకు చదువు లేదు. తమిళంలో తన పేరు మాత్రం, ఒక్కో అక్షరానికీ ఊపిరి బిగబట్టి, రాయగలిగేది.

అత్త ఉన్నచోట పిల్లి ఉండాల్సిందే. మా ఇంట్లో ఎన్ని పెరిగాయో లెక్కలేదు, ఒక్కోదానికి ఒక్కో నాలుక. ఒకటి కొబ్బరి కోరే చప్పుడు వినపడితే ఏ గోడ మీదున్నా దూకి వచ్చి అత్త మోకాలికి ఒళ్ళు రాసేది. ఇంకొకటి, నాన్న పొద్దున్నే బేకరీ నుంచి తెచ్చిన పొడుగు రొట్టె కాఫీలో ముంచుకుంటుంటే, నానిన కొస కోసం కదలకుండా కాచుకునేది, అదే రొట్టె పాలలో ముంచి ఇస్తే అవమానం జరిగినట్టు ముఖం తిప్పుకునేది. ఒక ముసలి గండుపిల్లి ఎండుచేప వేయించిన రోజు మాత్రమే మా చుట్టం. సాంబారన్నం పెడితే గిన్నెనూ మమ్మల్నీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయేది. అత్త వీటన్నిటినీ మనుషుల్ని గురించి చెప్పినట్టే చెప్పేది. మసాలా దట్టిస్తే మనం మోసపోతాం గాని పిల్లి మోసపోదని ఆమె గట్టి నమ్మకం.

మా ఊరి ఫ్యాక్టరీల పేట మేట్టుపాళయంలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఒక కంపెనీ క్యాంటీనులో అత్త వంట చేసేది. క్యాంటీను నడిపేది ఒక కాంట్రాక్టరు, అత్తకు జీతమిచ్చేది అతనే. నేను టైపు పాసయి ఇంట్లో కూర్చున్నప్పుడు, ఒకరోజు మేనేజరుకు కాఫీ తీసుకెళ్ళిన అత్త, కప్పు బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడి, నా గురించి చెప్పిందట. అలా నాకు ఆ ఆఫీసులో టెంపరరీ టైపిస్టు ఉద్యోగం వచ్చింది. ఉదయం ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. నాకు సీటు దొరికితే తన టిఫిను సంచి కూడా నా ఒళ్ళో పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి నిలబడేది.

క్యాంటీను వెనక కట్టెల మధ్య, ఏ తల్లి వదిలేసి పోయిందో, కళ్ళు తెరవని పిల్లికూన ఒకటి దొరికితే అత్త గుడ్డపేలిక పాలలో తడిపి నోట్లో పిండి బతికించింది. బూడిదరంగు చారల పిల్లి. చిన్నది కాబట్టి తమిళంలో కుట్టి అని పిలిచేది. వంట అవగానే, వడ్డనకు ముందు, ఒక అల్యూమినియం మూతలో కొంచెం కూర చల్లార్చి పెరటి గడప అవతల పెట్టేది. లోపలికి మాత్రం రానిచ్చేది కాదు, అది గడప మీద కాలు పెడితే చాలు, గరిటె చూపించేది. మొదట్లో అదంతా వట్టి గారాబమే. తర్వాత తర్వాత పనివాళ్ళకు అదొక సరదా అయింది. వరసలో నిలబడి, కుట్టి తినిందా అక్కా అని అడిగి మరీ కంచం చాచేవాళ్ళు. రసం తాకదు, అప్పడం కరకరలాడించుకొని తింటుంది, గుడ్డుకూర పెడితే గుడ్డు తిని మసాలా వదిలేస్తుంది, చేపల పులుసు రోజు మూత తళతళలాడేలా నాకుతుంది అని అందరికీ తెలుసు. తన వంటకు పిల్లి సర్టిఫికెట్ ఏంటని కాంట్రాక్టరు మాత్రం చిరాకు పడేవాడు.

అది మంచి ఎండాకాలం. చేపల పులుసు రోజు. తెచ్చే బండి ఎక్కడో ఆగిపోయి, పది దాటాక కానాగంత చేపలు వచ్చేసరికి పెట్టెలో ఐసంతా నీళ్ళయిపోయి ఉందట. అత్తకు అప్పుడే అనుమానం. కడిగి వండమని కాంట్రాక్టరు అంటే వండింది. మూతలో ముక్క పెట్టింది. కుట్టి వాసన చూసి, నేల గీకి, పక్కకు పోయి కూర్చుంది. అత్త ఇంకో ముక్క, కుండ అడుగు నుంచి తీసి, ముల్లు తీసి పెట్టింది. మళ్ళీ అదే. ఆ సంగతి చెబితే కాంట్రాక్టరు నవ్వి, ఇంకో గుప్పెడు చింతపండు పిసికి పొయ్యమన్నాడు.

అప్పుడు అత్త, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, నా దగ్గరకు వచ్చింది. ఆఫీసు గదిలోకి ఆమె అలా రావడం అదే మొదలు.

"పాపా, కుట్టి ముట్టలేదే. రెండు తూర్లు పెడితిని. చేప చెడిపోయిండాది. మేనేజరు కాడికి రా నాతో. నేను చెప్తే యాడ వింటాడు, నువ్వు ఇంగ్లీషులో చెప్తే వింటాడు."

లోపల మేనేజరు బయటి నుంచి వచ్చిన పెద్దవాళ్ళతో మాట్లాడుతున్నాడు. నన్ను పర్మినెంటు చేసే కాగితం ఆ నెలలోనే ఆయన బల్ల మీదకు రావాలి. ఆ గదిలోకి వంటమనిషి వెనకాల నడిచి వెళ్ళి, పిల్లి తినలేదని ఇంగ్లీషులో చెప్పడం ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఊహించుకున్నాను. నాకు సిగ్గేసింది.

"పిల్లి తినలేదని ఏమని చెప్పేది అత్తా? నవ్వతారు. నువ్వు పో, నాకు పనుండాది."

ఆమె నన్ను ఒకసారి చూసింది. సరి పాపా అని వెళ్ళిపోయింది. తను గరిటె పట్టనని ఆమె కాంట్రాక్టరుతో చెప్పిందనీ, అయితే లోపలికి పోయి గిన్నెలు కడుక్కోమని అతను ఆమెను పంపించి, వడ్డనకు వేరేవాళ్ళను పెట్టాడనీ తర్వాత తెలిసింది.

ఇంతవరకు చెప్పింది పిరికితనం. ఇక చెప్పబోయేదానికి నాకు పేరు తెలియదు. మధ్యాహ్నం నేనూ క్యాంటీనుకు వెళ్ళాను. కంచంలో పెరుగన్నం మాత్రం పెట్టించుకున్నాను. నా ఎదురుగా ప్యాకింగులో పనిచేసే ఒక అక్క కూర్చుంది, రోజూ నాకోసం రెండు మూరల మల్లెపూలు తెచ్చే మనిషి. ఆమె పులుసు కలుపుకొని, ఈరోజు పులుపు బాగా తగిలింది, నువ్వెందుకు వేయించుకోలేదని అడిగింది. తలనొప్పి అన్నాను. ఆమె తింటుంటే చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం షిఫ్టు ముగియకముందే ఒకరి తర్వాత ఒకరు పడిపోవడం మొదలైంది. ప్యాకింగు విభాగంలో సగం మందిని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దేవుడి దయ, ఎవరి ప్రాణమూ పోలేదు. కాని ఆ అక్క మాత్రం పది రోజులు మంచం దిగలేదు, ఆ తర్వాత కూడా మునుపటి మనిషి కాలేదు.

కంపెనీకి వెంటనే ఒక కాగితం కావలసి వచ్చింది. రెండో రోజు ఉదయం మేనేజరు చెబుతుంటే నేనే టైపు చేశాను, కార్బన్లు పెట్టి మూడు ప్రతులు. వంటమనిషి నిబంధనలకు విరుద్ధంగా వంటగదిలో పిల్లిని పెంచిందని, అది వంటపాత్రల్లో మూతి పెట్టడం వల్లే తిండి పాడయిందని, తన నిర్లక్ష్యాన్ని ఆమె ఒప్పుకుంటోందని అందులో ఉంది. మధ్యలో ఆయన ఆగి, ఆమె నీ బంధువు కదా, ఈ విషయంలో నీకేమైనా తెలుసా అని అడిగాడు. మంచివాడే. నేను ఒక్క మాట అంటే ఆగేవాడేమో. తెలియదన్నాను. ఒక్క తప్పు లేకుండా టైపు చేశాను.

అత్తను పిలిపించారు. ఆమె కాగితం చేతిలోకి తీసుకొని, తిరగేసి, మళ్ళీ తిన్నగా పట్టుకొని, కాంట్రాక్టరు వైపు గాని మేనేజరు వైపు గాని చూడకుండా, నేరుగా నాకే చాచింది.

"ఏంది పాపా రాసిండారు?"

"ఏం లేదత్తా. నువ్వు పని మానుకుంటుండావని. అంతే."

నాలుగు అక్షరాలు, ఊపిరి బిగబట్టి, మూడు కాగితాల మీదా రాసింది. రాశాక, బాగా వచ్చిందా అన్నట్టు నా ముఖంలోకి చూసింది.

ఆ సాయంత్రమే కుట్టిని గోతాంలో వేసి ఎక్కడో వదిలేసి వచ్చారు. అత్త మూడు రోజులు ఎండుచేప చేతిలో పట్టుకొని మేట్టుపాళయం గోదాముల గోడల వెంబడి పేరు పెట్టి పిలుస్తూ తిరిగింది. దొరకలేదు. నెలాఖరుకు నా పర్మినెంటు ఉత్తర్వు వచ్చింది. నాన్న స్వీట్లు పంచాడు. అత్త కూడా ఒకటి తీసుకొని, నా తల నిమిరి, నోట్లో వేసుకుంది. అప్పటికి ఆమెకు తెలియదు.

తెలిసింది ఆ ప్యాకింగు అక్క ద్వారానే. కాస్త కోలుకున్నాక అత్తను చూడ్డానికి మా ఇంటికి వచ్చి, నువ్వెందుకక్కా నీ మీద వేసుకొని సంతకం పెట్టావు, కుట్టి లోపలికే రాదని మాకందరికీ తెలుసు కదా అని అడిగింది. నేను పక్కగదిలో బట్టలు మడతపెడుతున్నాను. నాకు వినపడిందని అత్తకు తెలుసు. తిడుతుందని, ఏడుస్తుందని, నాన్నకు చెబుతుందని ఎదురుచూశాను. ఏమీ చేయలేదు. ఆ అక్కకు కాఫీ ఇచ్చి, వీధి చివరి దాకా వెళ్ళి సాగనంపి వచ్చి, పొయ్యి మీది అన్నం దించింది. రోజూలాగే నాకు వడ్డించింది.

చేపల పులుసు సంగతి ఆ పేటంతా పాకి, మళ్ళీ ఏ క్యాంటీనువాళ్ళూ ఆమెను పనికి పిలవలేదు. కాంట్రాక్టరు మాత్రం చాలా ఏళ్ళు అక్కడే నడిపాడు, నేను అతని బిల్లులే టైపు చేశాను. అత్త తర్వాత పిల్లిని పెంచలేదు. గోడ దూకి వచ్చినవాటికి ఇంత పెట్టేది గాని, ఏది తిన్నది, ఏది వదిలింది అని నిలబడి చూసేది కాదు. దేనికీ పేరు పెట్టలేదు.

నాతో ఆమె మాటలు తగ్గించలేదు. నా పెళ్ళికి వారం రోజులు వంటింట్లోనే ఉంది, నా కొడుకుకు నీళ్ళు పోసింది. ఒక్కటే మారింది. ఇంటికి ఉత్తరం వచ్చినా, ఆసుపత్రి చీటీ అయినా, రేషన్ ఆఫీసు కాగితమైనా, నేను పక్కనే ఉన్నా నాకు ఇచ్చేది కాదు. చీర మార్చుకొని, నాలుగిళ్ళ అవతల ఉన్న దర్జీ దగ్గరకు తీసుకెళ్ళి చదివించుకునేది. ఇంట్లో ఆఫీసు ఉద్యోగం చేసే పిల్లను పెట్టుకొని ఇక్కడికి ఎందుకు వస్తావని అతను ఒకసారి అడిగాడట. పాపకు పని ఎక్కువ అని చెప్పిందట.

చివరిరోజుల్లో ఆపరేషనుకు ముందు సంతకం పెట్టమని ఒక కాగితం తెచ్చారు. మంచం పక్కన నేనే ఉన్నాను, చెయ్యి చాచాను. చాచిన నా చేతిని ఆమె మెల్లగా పట్టుకొని, కాగితాన్ని మాత్రం అటువైపు నిలబడ్డ నర్సుకు ఇచ్చి, నువ్వు చదివి చెప్పమ్మా అంది. ఆ నర్సు చదువుతున్నంతసేపూ నా చేతిని వదల్లేదు. క్షమించమని అడగడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరకదని తెలుసు. అడగలేదు. ఆపరేషను అయింది గాని ఆమె ఇంటికి రాలేదు.

ఇప్పుడు అలాంటి కంపెనీల్లో తిండి ఎక్కడి నుంచో మూతలు బిగించిన డబ్బాల్లో వస్తుంది. బాగోలేకపోతే పనివాళ్ళు ఫోటో తీసి అందరికీ పంపించేస్తారు, ఎవరి నోరూ మూయడం కుదరదు. చదువు రానివాళ్ళకు ఫోనే కాగితాన్ని చూసి తమిళంలో చదివి వినిపిస్తుందని మనవరాలు చెబుతుంది. మంచిదే, చాలా మంచిదే. ఇంకెవరూ తన కాగితం పట్టుకొని ఇంకొకరి ముఖంలోకి అలా చూడాల్సిన పని లేదు. నా ముఖంలోకి అలా చూసిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆఫీసులో ఎందరో పెద్దవాళ్ళు నేను పెట్టిన కాగితాన్ని చదవకుండానే సంతకం చేసేవాళ్ళు, ఆవిడ టైపు చేస్తే తప్పుండదని. రిటైరైన రోజున సభలో కూడా అదే మాట చెప్పి శాలువా కప్పారు. తల వంచుకొని కప్పించుకున్నాను.